కంది పొలం రీలుతో సంగారెడ్డి దాకా

మూడు వారాలుగా నాయనమ్మకు అబద్ధం చెబుతున్నాను, ఫోటో స్టూడియోలో ఉందని. నిజానికి ఫిల్మ్ రీలు పటాన్‌చెరులో నా బీరువాలోనే ఉంది. కడిగిస్తే ఏం బయటపడుతుందోనని భయం. కంది ఊళ్లో తన ఎకరం పొలం, కొన్నవాళ్ల చేతికి పోయే ముందు, గట్టు మీద కూర్చుని ఫోటోకు ఒప్పుకుంది నాయనమ్మ. ఫోన్‌లో తీస్తే వేల ఫోటోల్లో కలిసిపోతుందని గొప్పలకు పోయి పాత ఫిల్మ్ కెమెరా పట్టుకెళ్లాను. డిజిటల్‌కు అలవాటైన చేతులు కదా, ఫోటో తీయగానే కెమెరా వెనక్కి తిప్పి చూశాను. అక్కడ తెర లేదు. ఊరుకోని వేళ్లు కెమెరా వెనక తలుపు గొళ్లెం లాగేశాయి. తలుపు తెరుచుకుని మిట్టమధ్యాహ్నం ఎండ రీలు మీద పడింది. పోయిన వారం ఆ పొలాన్ని ప్లాట్ల కోసం చదును చేశారు. మళ్లీ తీద్దామంటే గట్టే లేదు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి సంగారెడ్డి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. ఇస్నాపూర్‌లో షిఫ్టు దిగినవాళ్లతో బస్సు నిండిపోయింది. రీలున్న సంచిని ఒళ్లో రెండు చేతులతో పట్టుకున్నాను. కందిలో ఆగినప్పుడు కిటికీ వైపు చూడలేదు. పదింటికి దిగి, షేర్ ఆటోకు ఇరవై రూపాయలిచ్చి పాత బజారు చేరాను. వీరేశం గారి స్టూడియోలో ఇప్పుడన్నీ డిజిటల్ పాస్‌పోర్టు ఫోటోలే. ముందుగా ఫోన్ చేస్తే మాత్రం, వెనక బాత్రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టి నలుపు తెలుపు రీలు కడుగుతారు. నాలుగు వందలు తీసుకుంటారు. రీలు ఆయన చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను.

"డబ్బా ఎందుకు తెరిచినవ్ బిడ్డా?"

"ఎట్ల వచ్చిందో చూద్దామని, అంకుల్."

"వెనక టీవీ ఉంటదనుకున్నవా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగారు. "పరేషాన్ గాకు. ముందుగాల తీసినయి లోపల చుట్టుకొని ఉంటయ్, బతుకుతయ్. ఆఖర్ల తీసినయే కాలుతయ్. మీ నాయనమ్మది ఎప్పుడు తీసినవ్?"

"ఆఖర్న."

ఆయన రీలు తీసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నారు.

గంట తర్వాత తడి రీలును తీగకు వేలాడదీశారు. మొదటి తొమ్మిది బాగున్నాయి: బావి, మోటారు గది, జొన్న సాళ్లు. పదోదానిలో గట్టు మీద నాయనమ్మ పాదాలు, చీర అంచు, పైనంతా మసి. ఆ తర్వాత ఎండ పడ్డంత మేరా బొగ్గే. వీరేశం గారు రీలును ఫోన్‌తో ఫోటో తీసి, నలుపు తెలుపులు తారుమారు చేసి నాకు పంపారు.

తిరుగు బస్సులో కందిలో దిగేసరికి ఒంటిగంట. బాబాయి ఇంటి అరుగు మీద బియ్యం ఏరుతోంది నాయనమ్మ. నిలబడే చెప్పేశాను.

"నీ ముఖం పడలేదు నాయనమ్మా. నేనే ఖరాబు చేసిన."

"ముఖమెందుకే నాకు? దినాం అద్దంల సూస్తనే ఉన్న. పొలం పడ్డదా లేదా, గది చెప్పు."

ఫోన్ చేతికిచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో ఫోటో దగ్గర ఆగింది. "ఇగో, మోటరు. గీ సాలు నేనే ఇత్తిన. ఏందే, గింత వంకరగ తీసినవ్? చదివిన చదువంత గిదేనా?" తొమ్మిదీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి చూపించమంది.

అవన్నీ చేయి కుదురుకోవడానికి, ఊరికే తీసినవి. ఫోటోలో ఏది పడాలని ఉందో ఆమెను ఒక్కమాట అడిగి ఉంటే, ఈ మూడు వారాల నిద్ర నాకు మిగిలేది. నాలాగే డిజిటల్ నుంచి ఫిల్మ్‌కు వస్తున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను: రీలు వేయగానే కెమెరా గొళ్లెం మీద నల్ల టేపు అంటించండి, పూర్తిగా వెనక్కి చుట్టేదాకా పీకకండి.