సముద్రంలో సుజాత ఫొటో

మేము అండమాన్ బయల్దేరిన రోజు పొద్దున అమీర్‌పేట మొత్తం మాకు వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. కోచింగ్ పిల్లలు బారులు తీరారు. మా తల మీద మెట్రో రైలు కూడా ఓ నిమిషం ఆగింది. సరే, మెట్రో అక్కడ రోజూ ఆగుతుంది. పిల్లలు బారులు తీరింది టిఫిన్ బండి ముందు. మా కోసం వచ్చినవాడు ఆ బండి యజమాని యాదగిరి ఒక్కడే, అతను కూడా చేతిలో గరిటెతోనే వచ్చాడు.

"పొద్దుపొద్దుగాల ఏడికి సార్, గింత సామానుతోని?"

"సముద్రం అడుక్కి. ఫొటోలు తీయడానికి."

యాదగిరి నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగాడు. "మేడం, గీ సార్ చెప్పేది నిజమేనా?"

"నిజమే యాదగిరీ. నేను కూడా దిగుతున్నాను" అంది సుజాత.

"గట్లయితే మీ ఇద్దర్ని సుత జర ఎర్రగడ్డ పిచ్చి దవఖానల సూపెట్టాలె" అన్నాడు. అని, రెండు పొట్లాల ఇడ్లీ కట్టి సుజాత చేతిలో పెట్టాడు. ఆరున్నరకు ఎయిర్‌పోర్టు బస్సు వచ్చింది.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. నాకు అరవై ఆరు, సుజాతకు అరవై రెండు. మైత్రీవనం వెనక సందులో నాకు ఫొటో స్టూడియో ఉండేది. కోచింగ్‌కి వచ్చే పిల్లల దరఖాస్తు ఫొటోలు, రెజ్యూమె ఫొటోలు, వీసా ఫొటోలు అన్నీ నావే. దేశాలు దాటిన తెలుగువాళ్ళలో సగం మంది మొహాలు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. సగం అంటే మరీ ఎక్కువైంది. మా సందులోంచి వెళ్ళినవాళ్ళలో సగం అనుకోండి. తర్వాత ఎవరి ఫొటో వాళ్ళు ఫోన్లో తీసుకోవడం మొదలుపెట్టారు. కిందటేడు షట్టర్ దించేశాను. ఆ రోజు నుంచి కెమెరా ముట్టుకోలేదు. పొద్దున్నే లేచి, తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక బాల్కనీలో కూర్చుని పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద వెళ్ళే బళ్ళు చూసేవాణ్ణి.

సుజాత బడిలో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేసి రిటైరైంది. ఇప్పటికీ వారానికి నాలుగు రోజులు ఈతకు వెళ్తుంది. ఓ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏవండీ, ఈ ఫోన్లు పనికిరాని చోటు ఒకటి చెప్పండి."

"మీ అన్నయ్య ఊరు. సిగ్నల్ ఉండదు."

"సముద్రం లోపల" అంది ఆవిడ, నా హాస్యాన్ని పట్టించుకోకుండా. "అక్కడ నాకో ఫొటో తీయండి. కళ్ళు తెరిచి ఉన్నది. అది మీ వల్ల కాలేదంటే ఆ కెమెరా ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇద్దరం కలిసే బళ్ళు చూద్దాం."

పెళ్ళైనప్పటి నుంచి నేను తీసిన ఏ ఫొటోలోనూ సుజాత కళ్ళు తెరిచి లేవు. గుడి ముందు, సముద్రం ముందు, కేకు ముందు, ఎక్కడ తీసినా హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆధార్ కార్డులో మాత్రం కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కానీ ఆధార్ ఫొటోలో మనిషి మనిషిలా ఉండడు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళకు ఒక మాట. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గుండె, ఊపిరితిత్తులు, చెవులు అన్నీ చూసి సంతకం పెడితేనే నీళ్ళలోకి దించుతారు. తర్వాత ఇక్కడే ఒక ఈతకొలనులో సిలిండర్ కట్టుకుని నేర్చుకోవాలి. సుజాత మొదటిసారికే నెగ్గింది. నేను కూడా మొదటిసారికే నెగ్గాను. అబద్ధం, రెండోసారికి. మొదటిసారి ముక్కులోకి నీళ్ళెళ్ళి కొలను గట్టు పట్టుకుని వదల్లేదు.

మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. మూడు గంటలకు జెట్టీ దగ్గర పడవ ఎక్కాం. తినడం, పడుకోవడం, నీళ్ళలో దూకడం అన్నీ ఆ పడవలోనే. ఒకసారి ఎక్కితే ప్రయాణం అయ్యేదాకా నేల మీద కాలు పెట్టేది లేదు. మా గది పెద్ద పెట్టెంత. మంచాలు ఒకదాని మీద ఒకటి. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నాకు కింది మంచం ఇమ్మన్నాను. "బరువులో పెద్దవారు కాబట్టి" అని సుజాత సవరించి పైకెక్కింది. వాంతుల మాత్ర పడవ కదలకముందే వేసుకోండి. కదిలాక వేసుకుంటే అది సముద్రానికే చేరుతుంది.

మాకు నేర్పే అమ్మాయి పేరు లావణ్య. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన కుటుంబం. మేం తెలుగువాళ్ళమని తెలియగానే నాకు బాబాయ్ గారు అని పేరు పెట్టేసింది. నాలుగో మనిషి నరేశ్, వరంగల్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని కెమెరాకు అటొకటి ఇటొకటి దీపాలు, పీత కాళ్ళలా. సాయంత్రం టీ దగ్గర నన్నే పరీక్షగా చూశాడు.

"అంకుల్, మీరు మైత్రీవనం ఎనక స్టూడియో అంకుల్ కదా? నా రెజ్యూమె ఫొటో మీరే తీసిన్రు!"

నాకు ఒళ్ళు పులకరించింది. "బాగా వచ్చిందా బాబూ?"

"ఏం బాగ అంకుల్! మీరు 'రెడీ' అని గంత గట్టిగ అరిచేసరికి మస్తు భయపడ్డ. గుడ్లగూబ లెక్క పడ్డ ఫొటోల. ఇంటర్వ్యూల నవ్విన్రు."

సుజాత టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది.

మర్నాడు ఉదయం ఏడింటికి మొదటి దిగుడు. అంతకుముందు కెమెరా పాఠం. కెమెరాను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. పెట్టె అంచున రబ్బరు చుట్టు ఉంటుంది. దాని మీద ఒక్క వెంట్రుక పడినా నీళ్ళు లోపలికొస్తాయి. "మా ఆయనకు ఆ భయం లేదమ్మా" అంది సుజాత నా బట్టతల చూపించి. లోపలికి వెళ్ళేకొద్దీ ఎరుపు ముందు మాయమవుతుందనీ, అందుకే వీలైనంత దగ్గరికి వెళ్ళి, దీపం వేసి తీయాలనీ లావణ్య చెప్పింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి చెప్పింది. నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే మనిషి బుడగలా పైకి లేస్తాడు, అలా లేచేటప్పుడు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

వెనక్కి పడి నీళ్ళలోకి దిగాం. నా ఎదురుగా బస్సంత సొరచేప వచ్చి నిలబడింది. నేను బెదరలేదు, దాని కళ్ళలోకి చూశాను. ఇక దాచేది లేదు. అది మా టీ ట్రే అంత ఉంది, నన్ను చూసి అదే బెదిరి రాళ్ళలో దూరింది.

లావణ్య కెమెరా నా చేతికిచ్చింది. ఎదురుగా సుజాత, చుట్టూ పసుపు చేపలు. నేను గురిపెట్టాను. పెట్టి, ఇన్నేళ్ళూ చేసిందే చేశాను. చెయ్యి కదలకుండా ఊపిరి బిగబట్టాను. స్టూడియోలో వెలుతురు తక్కువ, ఊపిరి తీస్తే ఫొటో చెదురుతుంది. మీట నొక్కే ముందు బిగబట్టడం మా పనిలో అన్నం తినడమంత అలవాటు. అంతే, సుజాత నా కాళ్ళ కిందికి వెళ్ళిపోయింది. అంటే నేను పైకి పోతున్నాను. లావణ్య వచ్చి నా బెల్టు పట్టుకుని ఆపింది. ఓ చెయ్యి నోటి ముందు నుంచి బయటికి ఆడించి చూపించింది, ఊపిరి వదలమని. తర్వాత ఆ రోజంతా ఎన్నిసార్లు గురిపెడితే అన్నిసార్లు లేచాను.

పడవెక్కాక ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు.

"సెప్పాను కదేటి బాబాయ్ గారూ! ఫొటో కోసం పానం మీదకి తెచ్చుకుంటారేటి? కెమెరా నా కాడే ఉంటది. మీరు ఊపిరి సరిగ్గా తియ్యడం నేర్సుకుంటే ఇత్తాను, లేదంటే నేదు."

కెమెరా పట్టుకెళ్ళిపోయింది. తర్వాత దిగినప్పుడల్లా చేపలు చూశాను, పగడాలు చూశాను, తాబేలు కూడా చూశాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. బాల్కనీలో కూర్చున్నట్టే ఉంది, బళ్ళకు బదులు చేపలు. ఆ మాట సుజాతతో అన్నాను. సముద్రం నాకు సరిపడలేదనీ, నరేశ్ కెమెరాతో ఆవిడను తీయిస్తాననీ చెప్పాను. ఈసారి ఏమీ కలిపి చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక (అన్నం, పప్పు, చేపల వేపుడు, పచ్చడి మాత్రం మన సీసా మనమే తీసుకెళ్ళాలి) ఆవిడ నన్ను పడవ ముందు భాగానికి తీసుకెళ్ళి నీడలో కూర్చోబెట్టింది. నా పాత చిన్న కెమెరా నా చేతికిచ్చింది. తన అరచెయ్యి నా నోటి ముందు పెట్టింది.

"ఇప్పుడు నొక్కండి. నా చేతికి గాలి తగలాలి."

నొక్కాను. తగల్లేదు.

"మళ్ళీ."

తగల్లేదు. "బడిపిల్లలకు నేర్పినట్టు నేర్పుతున్నావు" అన్నాను.

"బడిపిల్లలు మీకంటే నయం. మళ్ళీ."

ఆవిడ అరచేతికి పచ్చడి వాసన, సబ్బు వాసన. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. పడవవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. చివరికి ఒకసారి నొక్కుతుంటే ఆవిడ వేళ్ళు ముడుచుకున్నాయి.

"తగిలింది" అంది. "చక్కిలిగింత పెట్టింది."

నరేశ్ పైనుంచి చూసి "అంకుల్, ఆంటీ, గిక్కడ మేం సుత ఉన్నం!" అని అరిచాడు.

ఆఖరి ఉదయం లావణ్య నన్ను కెమెరా లేకుండా దింపి, కదలకుండా ఒక్కచోట నిలబడమంది. నిలబడ్డాను, నా బుడగలు ఆగకుండా పైకి వెళ్తున్నాయి. అప్పుడు తన నడుముకున్న కెమెరా విప్పి నా చేతిలో పెట్టింది. దీపం పట్టుకుని తను పక్కకు జరిగింది.

సుజాత ఒక పగడపు దిబ్బ పక్కన తేలుతోంది. నీలి పొదలాంటి దాంట్లోంచి చారల చేప ఒకటి తల బయటపెట్టి ఆవిడ మీద పోట్లాటకు వస్తోంది. ఆవిడ దాన్నే చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళాను, ఇంకా దగ్గరికి. అలవాటుగా "రెడీ" అన్నాను. నోట్లో గొట్టం ఉంది. నాలుగు బుడగలు తప్ప ఏమీ రాలేదు. ఆ బుడగలతోపాటే ఊపిరి కూడా వెళ్ళిపోయింది. అదే సమయంలో ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. నొక్కాను.

పైకొచ్చాక అందరం తుడుచుకోకుండానే కెమెరా మీదికి వంగాం. ఆ ఫొటోలో సుజాత వెనక ఆటో అంత తాబేలు ఉంది, సూర్యకిరణాలు దాని మీద పడుతున్నాయి. నిజానికి తాబేలు లేదు. ఓ మూల నరేశ్ కాలికి తొడుక్కున్న ఈత రెక్క పడింది, నా బుడగలు ఒక పక్క అడ్డొచ్చాయి. కానీ కళ్ళద్దం లోపల, లావణ్య దీపం వెలుగులో, సుజాత నుదుటి బొట్టు ఎర్రగా ఉంది. దాని కింద రెండు కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. నన్ను చూస్తున్నాయి. నేను రోజూ చూసే కళ్ళే. ఫొటోలో ఇన్నేళ్ళకు మొదటిసారి.

"అమ్మయ్య" అంది సుజాత. "ఏవండీ, ఎప్పుడు నొక్కారు? నాకు వినపడలేదే."

"ఏం వినపడాలి?"

"మీ రెడీ."

నేను నరేశ్ వైపు చూశాను. నరేశ్ నా వైపు చూశాడు. "అంకుల్," అన్నాడు మెల్లగా, "నేను గుడ్లు తెరిసిన. ఆంటీ మూస్కున్నది. అంతే ఫరక్."

సుజాత పకపకా నవ్వింది. "మీరు అలా అరిస్తే ఏదో మీద పడుతున్నట్టుండేదండీ. ఎప్పుడూ అంతే. నా కళ్ళే అలాంటివి అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా" అన్నాను. తువ్వాలుతో ఆవిడ తల తుడిచాను.

మర్నాడు మధ్యాహ్నం విమానం, నాలుగింటికి శంషాబాద్. బస్సు కిటికీ దగ్గర సుజాత నా భుజం మీద నిద్రపోయింది. అండమాన్ గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. నీళ్ళు అద్దంలా ఉంటాయి, తిండి బావుంటుంది, మంచాలు చిన్నవి, చేపలు నేను చెప్పినదాని కంటే చిన్నవి. ఇద్దరు కలిసి వెళ్ళండి. ఎవరో ఒకరు నోటి ముందు చెయ్యి పెట్టాలి కదా.

అమీర్‌పేటలో దిగేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. యాదగిరి బండి దగ్గర గుంపు.

"వచ్చిన్రా సార్! ఏం జూసిన్రు?"

"సొరచేప. ఈ బస్సంత ఉంది."

సుజాత దగ్గింది.

"నీ అట్ల పెనం అంత" అని దిద్దుకున్నాను.

అక్కడే, మెట్రో స్తంభం పక్కన సామాను దించి సుజాత నిలబడింది. పాయసం తాగినంత తృప్తిగా ఉంది ముఖం. సంచిలోంచి కెమెరా తీశాను. యాదగిరి చేతులు తుడుచుకుని వచ్చి "నన్ను సుత, నన్ను సుత" అంటూ ఆవిడ పక్కన నిటారుగా నిలబడ్డాడు. గురిపెట్టాను. బస్సులు, హారన్లు, పైన రైలు. నోరు దానంతటదే తెరుచుకోబోయింది. సుజాత ఓ చెయ్యి నోటి ముందు నుంచి బయటికి ఆడించింది. ఊపిరి వదిలాను. నొక్కాను.

ఫొటోలో సుజాత కళ్ళు తెరిచే ఉన్నాయి. యాదగిరివి మూసుకుపోయాయి.

"గిదేంది సార్!" అన్నాడు యాదగిరి, తెరలోకి తొంగి చూసి. "రెడీ అనకుంటనే కొట్టిన్రు!"