నలభై ఒకటో నంబరు చెట్టు

నగరపాలక సంస్థ పార్కులో ఆమెను అందరూ గునపమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది. మొక్క తెచ్చి ఎక్కడ పెట్టాలని అడిగితే ఆవిడ వెంటనే జవాబివ్వదు. గునపంతో నేలలో ఒక్క పోటు పొడిచి, మొనకంటిన మట్టిని వేళ్లతో నలిపి చూసి, అప్పుడు చెబుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో గునపాలు అరిగిపోయాయి గానీ ఆ అలవాటు పోలేదు. రిటైరయ్యేందుకు ఇంకా రెండేళ్లుంది.

ఆ నేల గుట్టు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒకప్పుడు అక్కడ కూలగొట్టిన భవనాల చెత్త పోసేవారు. దాని మీద బెత్తెడు మట్టి పరిచి పార్కు అన్నారు. ఏటా వానలకు ముందు లారీల్లో నిలువెత్తు మొక్కలు దిగేవి. చిన్న సంచుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుని, వేళ్లు చుట్టలు చుట్టుకుపోయిన మొక్కలవి. గుంట తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. అందులోనే నాటి, చుట్టూ ఇనుప కంచె బిగించి, కంచెకు నంబరు రేకు కట్టి, ఫొటో దిగి వెళ్లిపోయేవారు. ఎండాకాలానికి మొక్క ఎండుపుల్లయ్యేది. కంచె మాత్రం దివ్యంగా ఉండేది. లెక్కకు వచ్చిన మహానుభావులు ఆ కంచెలనే లెక్కపెట్టి, నూటికి తొంభై రెండు బతికాయని రాసుకుపోయేవారు. లోపల చెట్టు లేదు సార్ అని ఆమె ఏటా చెప్పేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది.

నిజంగా చెట్లున్నది పార్కు వెనక పల్లపు మూలలో. వాన కురిస్తే నీళ్లన్నీ అక్కడికే చేరి నాలుగు రోజుల్లో ఇంకిపోయేవి. పిట్టలు తిని రాల్చిన గింజల నుంచి మేడి, నేరేడు, రేగు వాటంతటవే మొలిచాయి. ఆమె చేసిందల్లా అల్లుకున్న తీగలు కోసేయడం, మేకల్ని అదిలించడం. పదకొండేళ్లలో ఇరవై రెండు చెట్లయ్యాయి. మండుటెండలో కూడా ఆ మూలకు వెళితే ఒంటి మీద చెమట ఆరిపోయేది. ఆఫీసు కాగితాల్లో మాత్రం అది ఖాళీ స్థలం. నంబరు లేనిది చెట్టు కాదు, పిచ్చిమొక్క.

ఆ ఏడు నగరాన్ని పచ్చగా మార్చే పథకం ఒకటి వచ్చింది. పచ్చగా మార్చడానికి మొట్టమొదట చేయవలసిన పని ఏమిటయ్యా అంటే, ఆ పిచ్చిమొక్కలు పీకేసి, పల్లం పూడ్చి, రాతి పలకలు పరిచి, మధ్యన ఫౌంటెన్ పెట్టడమట! ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా పార్కుల అధికారి గదికి వెళ్లింది. ఆయన్ని అందరూ పెద్దసారంటారు.

"సార్, ఆ మూల ఒక్కటీ వదిలెయ్యండి. వాననీళ్లు ఇంకేదే అక్కడ. పూడిస్తే నీళ్లన్నీ రోడ్డెక్కుతాయి."

"నంబరున్న చెట్టు కొట్టకూడదని రూలుంది గునపమ్మా. వాటికి నంబరుందా? లేదు. ఇంక నన్నేం చెయ్యమంటావు?"

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది. భర్త దర్జీ, ముందుగదిలోనే మిషను.

"ఏవయ్యా, చచ్చిన చెట్ల రేకులు తీసి బతికున్నవాటికి కట్టేస్తే?"

ఆయన మిషను ఆపాడు. "ఒకరి చీటీ ఇంకొకరి చొక్కాకి గుచ్చినట్టేగా. రేపు ఆ మనిషొచ్చి నా చొక్కా ఏదయ్యా అంటే?"

"చచ్చిన చెట్టొచ్చి అడుగుతుందా ఏంటి?"

"చెట్టు అడగదే. దాని తరఫున అడగడానికి మనుషులుంటారు."

ఆమె వినలేదు. మూడు వారాల పాటు మధ్యాహ్నం భోజనాల వేళ, తోటివాళ్లు నడుం వాల్చినప్పుడు, నలభై ఒకటి నుంచి అరవై రెండు దాకా రేకులు విప్పి వెనక మూల చెట్లకు కట్టింది. ఖాళీ కంచెల్లోని ఎండుపుల్లలు పీకేసింది. చివరి రేకు కట్టిన రోజున, ఇన్నాళ్లకు ఆఫీసుకు అర్థమయ్యే భాషలో మాట్లాడానని పొంగిపోయింది.

కొలతలకు వచ్చిన కుర్ర ఇంజనీరు చేతిలో ట్యాబు ఉంది. దర్జీ చెప్పిన మనుషుల్లో ఈయన మొదటివాడు. ప్రతి నంబరు చెట్టూ ఎక్కడుండాలో ఆ ట్యాబులో చుక్క పెట్టి ఉంది. ఆయన నలభై ఒకటో నంబరు చెట్టు ముందు నిలబడి ట్యాబు చూశాడు, చెట్టు చూశాడు, మళ్లీ ట్యాబు చూశాడు. చివరికి ట్యాబునే నమ్మాడు.

"ఈ ఇరవై రెండూ తప్పు చోట నాటారమ్మా. ఇవి గేటు పక్క వరసలో ఉండాలి. కంగారు పడకండి, ఒక్క చెట్టు కూడా కొట్టం. మెషీన్ తెప్పించి వేళ్లతో సహా లేపి, వాటి చోట్లో వాటిని పెట్టిస్తా."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పదకొండేళ్లుగా పల్లంలో పక్కలకు పాకిన వేళ్లు. వాటిని బండెడు మట్టితో కోసి, ఇటుక ముక్కల గుంటలో దింపితే ఏమవుతుందో ఆమె గునపాన్ని అడగనక్కర్లేదు. నిజం చెబితే అవి మళ్లీ పిచ్చిమొక్కలవుతాయి, రంపం వస్తుంది. పైగా రేకులు మార్చినందుకు ఉద్యోగం ఊడుతుంది, పెన్షన్ ఏమవుతుందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మెషీన్ వచ్చిన రోజున ఆమె కుక్కిన పేనులా ఓ పక్కన నిలబడింది. దాని ఇనుప పారలు నాలుగు వైపుల నుంచీ నేలలోకి దిగాయి. వేళ్లు తెగుతున్న చప్పుడు ఆమెకు వినిపించింది. సాయంత్రానికి మూడు చెట్లు గేటు పక్కకు చేరాయి: రెండు నేరేళ్లు, ఒక మేడి. ఇంజనీరు వాటికి పచ్చ రిబ్బన్లు కట్టించి ఫొటోలు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఆమె ముద్ద ఎత్తలేదు.

"నోరు తెరిచి చెప్పలేకపోయావా?" అన్నాడు భర్త.

"చెబితే ఉద్యోగం పోదూ?"

"పోతుందేమో. నా మిషనుంది. అయినా నిన్నేమీ అనట్లేదే, అడిగానంతే."

మర్నాడు పొద్దున్నే ఆమె మెషీన్‌కు అడ్డంగా నిలబడింది. డ్రైవరు హారను కొట్టాడు. ఇంజనీరు బతిమాలాడు. పెద్దసారును పిలిపిస్తే గానీ కదలనంది. ఆయన కారు దిగీ దిగగానే మొదలుపెట్టింది.

"నలభై ఒకటి చచ్చిపోయి ఎనిమిదేళ్లయింది సార్. ఈ ఇరవై రెండు నంబర్లూ చచ్చినవే. రేకులు మార్చింది నేనే. నన్ను తీసెయ్యాలంటే తీసెయ్యండి. ముందు ఆరొందల కంచెల్లో ఎన్నిట్లో చెట్టుందో మీరు నడిచి చూడండి. నూరు దాటితే నా చెవి కోసిస్తా."

పెద్దసారు తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. తొంభై రెండు శాతం కింద ఏటా సంతకం ఆయనదే. కుర్ర ఇంజనీరును పక్కకు తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడాడు. ఆ కుర్రాడు నీళ్లు నమిలాడు, తలూపాడు. కాసేపటికి ట్యాబులో పంతొమ్మిది చుక్కలు గేటు పక్క నుంచి జరిగి వెనక మూలకు వచ్చాయి. మ్యాపులో తప్పు దొర్లిందని రాశారు. నంబరున్న చెట్లున్న చోట పలకలు పరచకూడదు గనక ఫౌంటెన్ గేటు దగ్గర ఖాళీ అయిన చోటికి మారింది.

"నువ్వు మాతో ఏమీ చెప్పలేదు, మేమేమీ వినలేదు. సరేనా?" అన్నాడు పెద్దసారు. "ఆ మూడూ మాత్రం రికార్డులో విజయవంతంగా తరలించినవి. ప్రారంభోత్సవం దాకా పచ్చగా ఉండాలి. ఆ పూచీ నీదే."

ఇంత సులువా! వేలితో చుక్కను ఇటు జరిపితే అయిపోయే పని! ఏళ్ల తరబడి ఆమె లోపల చెట్టు లేదని మొత్తుకుంది, వాననీళ్ల గురించి చెప్పింది, బతిమాలింది, ఏదీ ఎక్కలేదు. పెద్దసారు కుర్చీ కొంచెం కదిలేసరికి నిమిషంలో అయిపోయింది. ఉద్యోగం దక్కినందుకు సంతోషం రాలేదు సరికదా, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజంతా అందరి మీదా విసుక్కుంది.

ఇప్పుడు రోజూ పొద్దున గొట్టం లాక్కుని గేటు దగ్గరికి వెళుతుంది. మేడి ఆకులు ముందు పసుపయ్యాయి, తర్వాత రాలాయి. నేరేళ్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వస్తున్నాయి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చి లేదు, గోధుమరంగే కనిపిస్తోంది. రిబ్బన్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

ఒకరోజు కుర్ర ఇంజనీరు వచ్చి పక్కన నిలబడ్డాడు. పాపం, చెడ్డవాడేమీ కాదు. మొహం మాడ్చుకుని చాలాసేపు ఆ కొమ్మల వంకే చూశాడు.

"ఇంకాస్త ఎక్కువ నీళ్లు పోస్తే నిలబడతాయేమోనమ్మా? ఏదైనా మందుంటే చెప్పండి, తెప్పిస్తాను."

"నీళ్లతో అయ్యేది కాదు బాబూ. మెషీన్ వచ్చిన మొదటిరోజు పొద్దున్నే నేను నోరు తెరవాల్సింది."

ఆమె గొట్టాన్ని రెండో నేరేడు మొదట్లోకి జరిపి, నీళ్లు పోస్తూనే ఉంది.