కాలవలో పోయిన చంటిబాబు

ఒక్క టెలిఫోను కాల్‌తో ముప్పై మందిని చేపల వ్యానెక్కించి, దేవుడిలాంటి పాస్టరు గారిని తన్నులు తినే దాకా తీసుకెళ్ళి, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక పూట పని ఆపేయించిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఆయన రాసిందైనా చదవండి. అంత ఘనకార్యానికి నాకు పట్టింది నాలుగంటే నాలుగు నిమిషాలు. అందులోనూ ఒక నిమిషం లైను గరగరలాడింది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే షావుకార్ల చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. గూడెంలో గంగరాజు గారి ఉల్లిపాయల కొట్లో గుమాస్తాని. మాది కొల్లేటి లంకల్లో చిన్న ఊరు. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోతే అమ్మమ్మ మరియమ్మ పెంచింది. మేము పుట్టు క్రైస్తవులం. దొరల కాలం నాటి సున్నపు గోడల గుడి మాది. మూడు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే నా నెత్తిన అక్కడ నాలుగు చుక్కలు బాప్తిస్మం నీళ్ళు చల్లి చంటిబాబని పేరు పెట్టారు. ఆ తర్వాత నేను ఆ గుడిని గానీ, ఆ గుడి నన్ను గానీ పెద్దగా ఇబ్బంది పెట్టుకోలేదు. మొదటాట సినిమా, సెలవొస్తే ఏలూరెళ్ళి పేకాట, తేలు కొండిలా పైకి తిరిగిన మీసం. ఇంతే నా బతుకు. వీటి మధ్యలో ఒక్క మంచి అలవాటుండేది. ప్రతి ఆదివారం సాయంత్రం మా ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవాణ్ణి. అమ్మమ్మ గంట ముందే అక్కడికొచ్చి కూర్చునేది.

అలాంటి నేను ఉజ్జీవ కూటాలకి, అంటే మా వీధిలో పెట్టిన రాత్రి ప్రార్థన సభలకి, వెళ్ళాను. భక్తితో కాదండోయ్. మైకు మా గది కిటికీ ఎదురుగా కట్టారు. ఎలాగూ నిద్రపట్టదు కదా అని వెళ్ళాను. మూడో రోజు మాత్రం ఏమైందో తెలియదు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను, ఆ ఏడుపులో వేషం లేదు. వచ్చిన ఆదివారమే దైవసహాయం గారనే పాస్టరు గారు నన్ను గూడెం మీదుగా పోయే ఏలూరు కాలవలో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. ఆయన సన్నగా, గాలొస్తే సైకిలుతో సహా పక్కకి జరిగిపోయేలా ఉండేవారు. నన్ను పైకి లేపి నెమ్మదిగా అన్నారు:

"బాబూ, పాత మనిషి ఈ నీళ్ళలోనే పోయాడు. ఇక కొత్త మనిషిగా బతుకు."

ఆయన చెప్పింది రెండు ముక్కలు. నేను అర్థం చేసుకున్నది రెండు బస్తాలు.

మర్నాడే మీసం తీయించేశాను. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు కుట్టించాను. చంటిబాబు అనే పేరు వదిలేసి 'నూతనానందం' అని పెట్టుకున్నాను. భాష కూడా మార్చేశాను. మెస్సులో "కూర వెయ్యవయ్యా" అనే వాణ్ణి కాస్తా "సహోదరా, కొంచెం కూర అనుగ్రహించుము" అనడం మొదలెట్టాను. ఆ సహోదరుడు రెండ్రోజులు అనుగ్రహించి, మూడో రోజు నుంచి నన్ను చూస్తే వంటగదిలోకి వెళ్ళిపోయేవాడు.

గంగరాజు గారు వేంకటేశ్వర స్వామి భక్తులు. ప్రతి నెలా ద్వారకా తిరుమల వెళ్ళొచ్చే మనిషి. నా భక్తికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. నా పేరుతోనే చిక్కొచ్చింది.

"చంటిబాబూ, గొడౌను తాళాలు ఎక్కడ పెట్టావయ్యా?"

నేను తూకం చీటీలు సర్దుకుంటున్నాను.

"నిన్నేనయ్యా!"

"చంటిబాబు చనిపోయాడండీ. నేను నూతనానందాన్ని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "పాపం, మంచివాడే. ఆ పోయినాయన తాళాలు ఎక్కడ పెట్టి పోయాడో మీకేవన్నా చెప్పాడాండీ ఆనందం గారూ?"

ఇలా మూడు వారాలు గడిచాయి. ఆదివారాలు పొద్దున్న ఆరాధన, మధ్యాహ్నం కూటం, సాయంత్రం పాత చంటిబాబు ఎంత పనికిమాలినవాడో అందరి ముందూ చెప్పే సాక్ష్యాలు. అమ్మమ్మకి ఫోన్ చేయడానికి తీరికేదీ? పాస్టరు గారు ఒకసారి అడగనే అడిగారు.

"మీ అమ్మమ్మ గారికి కబురు చెప్పావా బాబూ? సంతోషిస్తారు."

"సమయం ఆసన్నమైనప్పుడు ప్రకటిస్తానండీ," అన్నాను గంభీరంగా. అసలు సంగతేమిటంటే భయం. చిన్నప్పుడు తను దగ్గరుండి చల్లించిన నీళ్ళు సరిపోలేదా అని అడుగుతుంది.

నాలుగో సోమవారం పొద్దున్న పది గంటలకి కొట్లో ఫోన్ మోగింది.

"హలో… కర్ర్… మాస్టార్నండీ. అక్కడ చంటిబాబున్నాడాండీ?"

ఏలూరులో మా పేకాట జట్టులో ఒకాయన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. ఆయనే అనుకున్నాను. పాపిని దారికి తెచ్చే అవకాశం ఫోన్ చేసి మరీ వచ్చిందని పొంగిపోయి గొంతు బరువుగా పెట్టాను.

"చంటిబాబు ఇక లేడండీ."

"లేడంటే? బయటికెళ్ళాడాండీ?"

"ఈ లోకంలోనే లేడండీ. చనిపోయాడు."



"ఏవిటండీ మీరనేది! ఎప్పుడండీ?"

"మూడు వారాలు దాటిందండీ. ఆదివారం పొద్దున్న, ఏలూరు కాలవలో."

"అయ్యో తండ్రీ! కాలు జారాడాండీ?"

"లేదండీ. తెలిసే దిగాడు. ఎంతో ఇష్టంగా దిగాడు."

"మరి ఎవరూ ఆపలేదాండీ?"

"ఎందుకాపుతామండీ? గట్టు మీద యాభై మందిమి నిలబడి చప్పట్లు కొట్టాం. పాస్టరు గారే స్వయంగా మెడ పట్టుకుని ముంచారు."

"పాస్టరు గారా! మెడ పట్టుకునా!"

"ఆయనకిది అలవాటేనండీ. ఆయన చేతుల మీదుగా ఇప్పటికి చాలామంది వెళ్ళారు."

"మరి… మరి సమాధి?"

"అదీ ఆ నీళ్ళలోనే అయిపోయిందండీ. తర్వాత అందరం కూర్చుని కోడికూరతో భోజనాలు చేశాం."

అవతల నుంచి ఏడుపు వినిపించింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఒక్క ఫోనుతో ఇంత పశ్చాత్తాపం! గూడెంలో ఏ పాస్టరు గారికైనా సాధ్యమైందా?

"ఇంతకీ మీరెవరండీ?" అన్నాడాయన ముక్కు చీదుతూ.

"నేను నూతనానందాన్నండీ. చంటిబాబు స్థానంలో వచ్చిన కొత్తవాణ్ణి."

"అప్పుడే కొత్తవాణ్ణి కూడా పెట్టేసుకున్నారా!"

"ఏడవండి మాస్టారూ, తేలికపడతారు. మీరూ ఆ కాలవలో దిగే రోజు ఎంతో దూరంలో లేదు."

ఫోన్ టక్కున పెట్టేశాడు. నేను గంగరాజు గారి వైపు తిరిగి, "ఒక ఆత్మ కదిలిందండీ," అన్నాను. కదిలింది ఆత్మ కాదు, చేపల వ్యాను. ఆ మాస్టారు పేకాట మాస్టారు కాదు. మా ఊరి గుడి పెద్ద రత్నం మాస్టారు. మూడు ఆదివారాలు ఫోన్ రాకపోయేసరికి కంగారుపడ్డ అమ్మమ్మ ఆయన్ని బూత్‌కి లాక్కొచ్చి ఫోన్ చేయించింది. నేను చెప్పిన మాటలు ఆయన నోటమ్మట విని అక్కడే కూలబడింది. లంకలో ఆ సమయానికి కనిపించిన బండి చేపల వ్యాను ఒక్కటే. మంచు పెట్టెలు దింపేసి జనం ఎక్కేశారు. దారిలో ఉండి అనే ఊరి దగ్గర ఇంకో నలుగురు బంధువులు కలిశారట.

ఇవేవీ తెలియని నేను మెస్సులో ఆహారం పుచ్చుకుని రెండు గంటలకి కొట్టుకి తిరిగొచ్చాను. కొట్టు ముందు జనం. ఏడుపులు. ఉల్లిపాయల మార్కెట్లో కన్నీళ్ళు కొత్తేమీ కాదు కదా అని ముందు పట్టించుకోలేదు. ఈ ఏడుపులో మాటలు కూడా ఉన్నాయి. బస్తాలు మోసేవాళ్ళ వెనక నిలబడి ముందున్నాయన్ని అడిగాను.

"ఎవరండీ పోయింది?"

"ఎవరో చంటిబాబంటండీ. చిన్న వయసే. పాస్టరు గారు కాలవలో ముంచి చంపేశాడంట."

మునివేళ్ళ మీద లేచి తొంగిచూశాను. జనం మధ్యలో మా పక్కింటి ఏసమ్మ పిన్ని గుండెలు బాదుకుంటోంది.

"నా బిడ్డకి టైఫాయిడ్ వస్తే ఏలూరు ఆసుపత్రిలో రెండ్రోజులు కూర్చున్నావు కదా చంటీ! మంచి నీళ్ళైనా తాగలేదు కదా నాయనా!"

"ఒక్క ఆదివారం ఫోన్ మానలేదండీ," అంటున్నారు రత్నం మాస్టారు గంగరాజు గారితో. "అట్టాంటి మనవడు ఎవరికుంటాడండీ?"

ఉల్లిపాయల బస్తా మీద అమ్మమ్మ కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చెప్పులు లేవు కాళ్ళకి. ఆమె పక్కనే బస్తాకి ఆనించి కొత్త చెక్క శిలువ. అప్పటికప్పుడు వడ్రంగి చేత చేయించి, దాని మీద రంగుతో 'చంటిబాబు' అని రాయించుకొచ్చారు. చనిపోయిన తారీఖు సరిగ్గా తెలియక ఆ చోటు ఖాళీ వదిలారు.

మూడు వారాలుగా నేను ఊరంతా తిరిగి, పనికిమాలినవాడు, పోవడమే మంచిదైంది అని చాటుతున్న మనిషి గురించి వీళ్ళు ఇలా ఏడుస్తున్నారు. తెల్ల ప్యాంటేసుకున్న నూతనానందం పోతే ఏడవడానికి మెస్సు సహోదరుడైనా వస్తాడా అన్న అనుమానం అప్పుడే మొదటిసారి వచ్చింది.

అది తెమిలేలోపే సైకిలు బెల్లు వినిపించింది. సంఘం భోజనాలకి ఉల్లిపాయల కోసం దైవసహాయం గారు ఒక్కరే, చేతిసంచీతో వచ్చేశారు.

"ఏవండీ, మీరు పాస్టరు గారాండీ?" అడిగారు రత్నం మాస్టారు.

"అవునండీ, దేవుని కృప."

"చంటిబాబుని కాలవలో ముంచింది మీరేనాండీ?"

"నేనేనండీ!" అన్నారు ఆయన ముఖం వెలిగిపోతూ. "మీరంతా అతని బంధువులా? చాలా సంతోషం. మీలో కూడా ఎవరైనా సిద్ధంగా ఉంటే చెప్పండి, వచ్చే ఆదివారమే ముంచేద్దాం."

అంతే. వ్యానులోంచి దోనెలు నడిపే వెదురు గెడలు దిగాయి. ఎవరో పాస్టరు గారి కాలరు పట్టుకున్నారు. ఆయన కాళ్ళు నేల మీద నుంచి లేచాయి. నేను జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను. ఆ కంగారులో కూడా నా నోట వచ్చింది కొత్త భాషే.

"ఆగుడి! ఆయన నిర్దోషి!"

"నువ్వెవడివిరా?"

"నూతనానందాన్ని!"

"వీడే!" రత్నం మాస్టారు ఎగిరి పడ్డారు. "ఫోనులో కోడికూర తిన్నామన్నది ఈ గొంతే! నన్నూ ముంచుతానన్నాడు! పట్టుకోండి!"

గెడలన్నీ నా వైపు తిరిగాయి. అప్పుడు చూడాలండీ నూతనానందం గారి పరుగు! గ్రాంథికం, గాంభీర్యం, ఆసన్నమైన సమయం అన్నీ పట్టుకుని ఒక్క క్షణంలో మాయమైపోయాడు. మిగిలింది నేను.

"అమ్మమ్మోయ్! నేనే! చంటిగాణ్ణి!"

ఎవరో "దెయ్యం!" అని అరిచి బస్తాల వెనక్కి దూకారు. అమ్మమ్మ లేచింది. మెల్లగా నడిచొచ్చి నా ముఖం రెండు చేతుల్తో పట్టుకుంది. మీసం లేని పెదవిని వేలితో తడిమింది. నా చేతులు, భుజాలు ఒక్కొక్కటే నొక్కి చూసింది. అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక చెంప పగలగొట్టింది.

"చచ్చిపోయావా? చచ్చిపోయావంట్రా?"

"అది కాదమ్మమ్మా… పాత మనిషి పోయాడని… కొత్త మనిషినని…"

"కొత్త మనిషివా! పాతోడు వారం వారం ఫోన్ చేసేవాడురా. ఈ కొత్తోడికి ఆ బుద్ధి కూడా లేదే!"

ఈలోగా నేల మీదకి దిగిన పాస్టరు గారు కాలరు సర్దుకుంటూ దగ్గరికొచ్చారు. నేను తల ఎత్తలేకపోయాను.

"క్షమించండయ్యగారూ. నా వల్లే…"

"నీ తప్పు కొంతేలే బాబూ," అన్నారాయన దగ్గుతూ. "ముంచడంలో నాదీ లోపం ఉంది. ఒళ్ళంతా మునిగింది గానీ గర్వం పైకి తేలిపోయినట్టుంది. నేను చూసుకోలేదు. పాత మనిషి పోవడమంటే అదయ్యా పోవాల్సింది. మీసం, పేరు, అమ్మమ్మ కాదు."

అమ్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. కళ్ళు కొంగుతో తుడుచుకుని చేతులు జోడించింది.

"అయితే మళ్ళీ ముంచండయ్యగారూ. ఈసారి కాసేపు అట్టే ఉంచండి."

గంగరాజు గారు ముందు నవ్వారు. తర్వాత బస్తాలు మోసేవాళ్ళు. ఆ తర్వాత గెడలు పట్టుకున్నవాళ్ళు. ఆ రోజు ముప్పై నలుగురికీ మెస్సులో గంగరాజు గారే భోజనాలు పెట్టించారు. వడ్డించింది నేను. పాస్టరు గారి పక్కనే కూర్చున్న రత్నం మాస్టారు కోడికూర మాత్రం వద్దన్నారు.

నా నమ్మకం ఎక్కడికీ పోలేదండీ. ఇప్పటికీ ఆరాధనకి వెళ్తాను. ఆదివారం సాయంత్రం ఎంత పెద్ద కూటం ఉన్నా లేచొచ్చి ఫోన్ చేసేవాణ్ణి. మీసం రెండు నెలల్లో వచ్చేసింది. ఆ క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు అటక మీద ఆ శిలువ కనిపించింది. పాత చీరలో చుట్టి, తాడేసి మరీ కట్టి ఉంది.

"ఇదెందుకే ఇంకా? తీసి పారెయ్యకూడదా?" అన్నాను.

"మంచి టేకు కర్రరా," అంది అమ్మమ్మ బియ్యం చెరుగుతూ. "పేరు కూడా రాసేసుంది. ఎప్పటికైనా పనికొచ్చేదేగా."

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా చావు కబురు నేను ఎవరికీ ఫోనులో చెప్పను. ఆ పని నిజంగా పడే రోజున ఇంకెవరైనా చూసుకుంటారు. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి నమ్మండి, దయచేసి గెడలు తీసుకురాకండి.