సలోమి మేడం ఆళ్లగడ్డకు వెళ్లిన రోజు

కరెంటు పోయి యూపీఎస్ కుయ్‌మని అరిచినప్పుడల్లా నాకు నంద్యాలలో సలోమి మేడం నడిపిన ఆఫీసు గుర్తొస్తుంది. మందుల షాపు మీద ఒకే ఒక్క గది. నా మొదటి ఉద్యోగం అక్కడే. చుట్టుపక్కల వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసి, వాటి బాగోగులు చూసేవాళ్లం. బడిలో లెక్కలు చెప్పడం మానేసి ఈ పనిలోకి వచ్చిన మేడం, పొద్దున్నే కంప్యూటర్ ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. కళ్లు తెరిచిన మరుక్షణం మా తప్పులు పట్టేవారు. మధ్యాహ్నం ఆమె క్యారియర్ మూత తీస్తే మాత్రం పొద్దుటి తిట్లు ఎవరికీ గుర్తుండేవి కావు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కించే వీరాచారిగారికి మేమే సైటు చేశాం. గుళ్ల కమిటీలు అడిగిన కొలతలను ఆయన దగ్గర పనిచేసే మాబున్ని అనే అమ్మాయి అందులో ఎక్కించేది. రోజూ రాత్రి ఎనిమిదికి సైటు మొత్తానికి దానంతటదే ఒక నకలు, అంటే బ్యాకప్, తయారయ్యేలా పెట్టాం. ఒకరోజు పొద్దున సైటు పాడైతే, ముందురోజు నకలుతో మళ్లీ నిలబెట్టాం. మధ్యాహ్నం వీరాచారిగారు ఫోన్ చేశారు. ఒక అమ్మవారి విగ్రహం ఎత్తు పెంచమని కమిటీ చెప్పిందట. సైటులో పాత కొలతే ఉంది. దాని ప్రకారమే రాయి మీద గీతలు గీశారు. ఉలి పెట్టబోయే ముందు కమిటీ మనిషి వచ్చి చూడబట్టి రాయి దక్కింది.

"నిన్న సాయంత్రమే ఎక్కించినా అని ఈ పిల్ల అబద్ధం చెప్తాంది. పనిలోంచి తీసేస్తాండా" అన్నారాయన. వెనక మాబున్ని ఏడుపు వినిపిస్తోంది.

"ఎనిమిదింటి నకల్లో లేదంటే ఎక్కించనట్టే కదా మేడం" అన్నాను.

"ఆ పిల్లను అడిగినావా, ఎప్పుడు ఎక్కించిందో?"

అడిగాను. "పొద్దు గుంకినాక మసీదులో అజా వినిపిస్తాంటే ఎక్కించినా అక్కా. ఆ పని అయినాకనే ఇంటికి పోయినా" అంది మాబున్ని.

మేడం అప్పటికప్పుడు ఒక కొత్త నకలు తీయించి, దాని మీద పడిన టైమును తన చేతి గడియారంతో పోల్చి చూశారు. రెండున్నర గంటలు ముందుంది. మా సైట్లను ఉంచిన సర్వర్ సింగపూర్‌లో ఉంది, అక్కడి టైమే పాటిస్తోంది. అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకింకా సాయంత్రం ఐదున్నరే. నకలు తయారైపోయాక మాబున్ని కొలత మార్చింది. పొద్దున మేము ఆ నకలు పెట్టగానే ఆ మార్పు పోయింది.

సర్వర్‌లో మన టైమ్ జోన్ పెట్టి, ఇంకో నకలు తీసి సరిచూశాక మేడం బ్యాగు తీసుకున్నారు. "పద, ఆళ్లగడ్డకు పోదాం."

మేము లోపలికి వెళ్లేసరికి ఉలి చప్పుళ్లు ఒక్కొక్కటిగా ఆగాయి. మాబున్ని గోడవారగా నిలబడి ఉంది. "తప్పు మాది. ఈ పిల్ల చెప్పిందే నిజం" అన్నారు మేడం, అందరికీ వినబడేలా.

వీరాచారిగారు ఇబ్బంది పడ్డారు. "దీనికి ఇంత దూరం వచ్చినావా అమ్మా? ఫోన్లో చెప్పింటే సరిపోయేది గదా."

"నువ్వు ఈళ్లందరి ముందర అన్నావు గదన్నా. నేనూ ఈళ్ల ముందరే చెప్పాల."

ఆయన చేతుల మీది రాతిపొడి దులుపుకుని, మాబున్ని వైపు తిరిగారు. "పోయి పని చూసుకో పాపా" అన్నారు మెల్లగా. ఆ పిల్ల మాత్రం మేడం చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగు బస్సులో, "రేపు మిగిలిన సైట్లన్నీ చూడాల" అన్నారు మేడం. శిరివెళ్ల రాకముందే నా భుజం మీద నిద్రపోయారు. లేపడం ఇష్టంలేక నంద్యాల దాకా కదలకుండా కూర్చున్నాను.

మేడం ఇప్పుడు లేరు. నా కింద కొందరు పనిచేస్తున్నారు. "ఆమె చేయలేదు మేడం, రికార్డులో లేదు" అని వాళ్లు వస్తే, నేను ముందు ఆ మనిషికే ఫోన్ చేస్తాను. చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాతే కంప్యూటర్ వైపు తిరుగుతాను. కొన్నిసార్లు వాళ్లు నిజంగానే చేసి ఉండరు. అయినా ఆ ఫోన్ చేయడం మానలేదు.