రోజా పూట నేనన్న మాట

మొన్న విజయవాడలోని ఒక కళాశాలలో డిబేట్ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు, ఒక విద్యార్థిని తన ప్రత్యర్థిని ఒకే ఒక్క వాక్యంతో నోరెత్తకుండా చేసి, హాలంతా చప్పట్లు మోగుతుండగా వేదిక దిగింది. ఆ చప్పట్ల రుచి నాకు బాగా తెలుసు గనుక, మార్కులు వేయవలసిన కలం చేతిలోనే ఉండిపోయి, మనసు పదేళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. నా ఈడువారిలో మాటతో కప్పులు గెలిచినవారు ఎవరైనా ఉంటే, ఇది వారితో చెప్పుకుంటున్న సంగతి.

మాది ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. ఆటోనగర్‌లో నాన్నకు వెల్డింగ్ షెడ్డు ఉండేది. కాలువలకు నీళ్ళు వదిలే రోజుల్లో, బురదచేలో దున్నడానికి ట్రాక్టర్లకు బిగించే దమ్ము చక్రాలు పట్టుకుని రైతులు బారులు తీరేవారు. ఆ ఏడు రంజాన్ నెల సరిగ్గా ఆ రద్దీలోనే వచ్చింది. సెలవులు గనుక నేనూ షెడ్డులో కూర్చుని, ఎవరి పని ఎప్పటికి కావాలో రాసిపెట్టేదాన్ని. ప్రతిదానికీ ఎందుకని అడగడం, జవాబు నచ్చకపోతే వాదించడం అప్పటికే నాకు అలవాటు. మతం గురించి కూడా నాన్నను ప్రశ్నలతో విసిగించేదాన్ని, ఆయన మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు.

ఒకరోజు పొద్దుటి నుంచీ కరెంటు లేక, ఉయ్యూరు అవతలి నుంచి వచ్చిన ఒక రైతు చక్రాలు అనుకున్న వేళకు పూర్తికాలేదు. ఆయన వంతు నీళ్ళు అప్పటికే చేలో నిలిచి ఉన్నాయి. సాయంత్రానికి దమ్ము మొదలుకాకపోతే నాట్లకు మాట్లాడుకున్న కూలీలు మరొకరి పొలానికి వెళ్ళిపోతారు. ఆ కంగారంతా ఆ రైతు మా నాన్న మీద కుమ్మరించారు.

"ఏం సాయిబూ, నీ మాట నమ్మినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి! పస్తులుండి ఒంట్లో ఓపిక లేనోడివి, షెడ్డు మూసుకుని పడుకోరాదూ?"

"తప్పు మాదేనన్నా. ఎండన పడొచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి," అంటూ, తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టని నాన్న చెంబు అందించారు. రైతు దాన్ని పక్కకు నెట్టేశారు.

ఉపవాసంలో ఉన్నవారిని ఎవరైనా దూషిస్తే, తిరిగి దూషించకుండా 'నేను రోజాలో ఉన్నాను' అనాలని మా ప్రవక్త బోధ. నేను లేచి నిలబడి, ఆ బోధనే అందుకున్నాను.

"బాబాయిగారూ, మీకివ్వాల్సిన జవాబు నా దగ్గరుందండి. కానీ నేను రోజాలో ఉన్నాను. మా ఇంట్లో మర్యాద నేర్పారు. మీ ఇంట్లో ఆ అలవాటు ఉన్నట్టు లేదు!"

పక్క షెడ్లవాళ్ళు ఈలలు వేశారు. "సాయిబు కూతురంటే మజాకానా!" అన్నారెవరో. రైతు ముఖం నల్లబడింది. చక్రాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

నాన్న నన్ను కోప్పడలేదు. కరెంటు రాగానే మిగతా పనులన్నీ పక్కన పెట్టి, ఆ చక్రాలే ముందేసుకున్నారు. చాలాసేపటికి, ముఖానికి అడ్డం పెట్టుకున్న అద్దం దించి, "ఆ రోజా మాట ఎవరికి చెప్పావమ్మా? ఆయనకా, నీకా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "మాట మంచిదే తల్లీ. దాంతో కొట్టావు," అన్నారు.

మధ్యాహ్నం మండుటెండలో ట్రాలీ ఆటోలో చక్రాలు వేయించి, నన్నూ ఎక్కించుకుని, నాన్న ఆ రైతు పొలం వెతుక్కుంటూ వెళ్ళారు. గట్టు మీద నిలబడి నేను క్షమించమని అడిగినప్పుడు ఆ రైతు నా వంక చూడనైనా లేదు. అతుకులు వేలితో తడిమి, "ఇక్కడ గరుకు వదిలేశావ్" అని నాన్నతో గొణిగారు. నాన్న నవ్వి, ప్యాంటు పైకి మడిచి, చక్రాలు బిగించడానికి తానూ బురదలోకి దిగారు.

ట్రాక్టరు కదిలాక మేము తిరుగుముఖం పడుతుంటే ఆ రైతు వెనకనుంచి కేకేసి, ఒక అరటిపళ్ళ హస్తం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీ ఉపాసం ఎన్నింటికి విప్పుతారో, ఇయ్యి తినొచ్చో లేదో నాకు తెలవదు. తీస్కో పాపా. నీ నోటికి మాత్రం ఓ దణ్ణం!"

పొద్దు గుంకాక కాలువ గట్టున ఆటో ఆపి, ఆ పళ్ళతోనే రోజా విప్పాము. ఆ తరువాత ప్రతి ఏటా దమ్ము రోజుల్లో ఆయన వచ్చి, షెడ్డు గుమ్మంలోనే ఆగి, "ఏం పాపా, మాట్లాడొచ్చా, రోజాలో ఉన్నావా?" అని ఆటపట్టించేవారు. చెడును మంచితో ఎదుర్కొంటే విరోధి ఆప్తుడవుతాడన్న ఖురాన్ బోధను అంతకుముందు నేను ఎన్నో వేదికల మీద వాదనగా వినిపించాను. దాన్ని నిజం చేయడానికి మాత్రం నాన్న నన్ను ట్రాలీ ఆటో ఎక్కించవలసి వచ్చింది.

ఇప్పుడు నన్ను తిట్టేవారికి కొదవ లేదు. పత్రికలో నాలుగు మాటలు రాస్తే చాలు, నా పేరునూ నా మతాన్నీ కలిపి తిట్లు ఫోనులోకి వచ్చి పడతాయి. వారికి ముఖం లేదు, ఊరు లేదు. పదునైన జవాబు టైపు చేయబోయి చెరిపేసిన ప్రతిసారీ కృతజ్ఞతతో నాన్న మేలు కోరి దువా చేసుకుంటాను. ఆ వెంటనే, వీళ్ళను ఏ గట్టు మీద వెతుక్కోవాలో ఆయనను అడగాలనిపిస్తుంది.