మావయ్య అని రెండుసార్లు

వైర్లు లాగే పనిలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. అసలు పేరు ఒకటి ఉండేది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. తాపీ మేస్త్రీలకీ, మీటింగు హాళ్ల మేనేజర్లకీ, చివరికి ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లకీ కూడా ఆయన మావయ్యే. ఒక మూడంతస్తుల ఆఫీసులో ఆయన లాగిన వైరు ఎక్కడుందో కనిపెట్టలేక ఎలుకలు మూటాముల్లే సర్దుకుని పక్క వీధికి వెళ్లిపోయాయని చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, ఎక్కువగా ఆయనే చెప్పుకుంటాడు.

పని అయ్యాక వైరు చివర ఒక పసుపుపచ్చ చీటీ అంటించేవాడు. దాని మీద నల్లసిరాతో 'మావయ్య' అని ఉండేది. నంబరూ తేదీ ఏమీ ఉండవు. ఏ గదిది ఏ వైరో తెలియాలి గదా, నంబర్లు వేయమని ఒక ఇంజనీరు అడిగితే, అది గుమాస్తాలకి కావాలి గానీ నాకెందుకు, చేత్తో పట్టుకుంటే చెప్పేస్తానన్నాడట. నిజంగానే చెప్పేసేవాడు కూడా. నలభై ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

అంతటి పనిమంతుడి సొంత ఇంట్లో మాత్రం వైర్లు నేల మీద పాకేవి. హాల్లో గోడవారగా బల్ల మీద పాత కంప్యూటరు. వెనక గదిలో ప్రొజెక్టరు. మంచం మీద కూర్చుని భార్య గోడ మీద సినిమా చూసుకుంటుందని, రెంటికీ మధ్య గడప మీదుగా ఒక లావుపాటి వైరు వేశాడు. రెండు రోజుల్లో గోడలోంచి తీసేస్తానన్నాడు. ఆ రెండు రోజులు పదకొండు నెలలు నడిచాయి. ఒక ఉదయం ఆమె తడిబట్టల బకెట్టుతో గడప దాటుతుంటే కాలి బొటనవేలికి ఆ వైరే తగులుకుంది.

తుంటి ఎముక విరిగింది. గుండె బలం చాలదు కాబట్టి ఆపరేషను వద్దన్నారు డాక్టర్లు. వెల్లకిలా పడుకోవాలి, పక్కకి తిరగకూడదు. ఎన్నాళ్లని అడిగితే కాగితాల వైపు చూశారు తప్ప ఆయన వైపు చూడలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున ఆయన కటింగు ప్లేయరు తీసుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న వైరు చుట్టలన్నీ అటక మీంచి దింపి, ఆమె వింటుండగా జానెడు జానెడు ముక్కలు కోసి బకెట్టులో పడేశాడు. ఒక్కో ముక్కా టక్కుమని తెగుతూనే ఉంది. ఆఖరికి ఆమె, "ఒక్కటైనా ఉంచండి, ఎప్పుడైనా పనికొస్తుంది," అంది. ఈ గడప మీదుగా ఇక వైరన్నది రాదని ఆయన ఒట్టేశాడు. ఒట్టు ఎవరూ అడగలేదు. అడగని ఒట్లు వేయడంలో కూడా ఆయనకి సాటి లేరు.

ఆమె పడకముందు ఇరవై ఆరేళ్లు బట్టలు కుట్టే షెడ్డులో పనిచేసింది. కిటికీ నుంచి మూడో మిషను ఆమెది. ఆ షెడ్డు మూసేస్తున్నారని కబురొచ్చింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్లంతా చివరిసారి కూడుతున్నారు. ఫోను పట్టుకుని ఒక్కో మిషను దగ్గరికీ తిరుగుతూ వీడియోలో ఆమెకి చూపిస్తారు, అందరూ పలకరిస్తారు. నాలుగున్నరకి మెయిను ఆపేసి తాళం వేసేస్తారు. సోమవారం మిషన్లు లారీ ఎక్కుతాయి.

ఆమెకి ఫోనులో చూడ్డం కుదరదు. ఎత్తి పట్టుకుంటే చేతులు లాగి ఒకసారి ముక్కు మీదే పడేసుకుంది. పైగా ఆ చూపుకి అంత చిన్న మొహాలు ఆనవు. రెండు నెలలుగా ఆమె నోరు తెరిచి అడిగింది ఈ ఒక్కటే. "మా వాళ్లని ఒకసారి చూపిస్తారా?" అంది. పైకప్పు మొత్తం నిండేలా చూపిస్తానని, వాళ్ల ముక్కుపుడకలు కూడా లెక్కపెట్టుకోవచ్చని ఆయన మాటిచ్చాడు.

వైరు లేకుండా గాలిలోనే బొమ్మ అందుకునే ప్రొజెక్టరు కొత్తది కొన్నాడు. మేడ మీద ట్యూషన్లు చెప్పే మాస్టారు దాన్ని చూసి ముచ్చటపడితే, ఆయన చేత కూడా అలాంటిదే కొనిపించి, తనే వెళ్లి బిగించి వచ్చాడు. యంత్రానికి పేరు పెట్టుకోమని ఒక గడి కనపడితే రిమోటుతో ఒక్కో అక్షరం వెతికి 'మావయ్య' అని కొట్టాడు. తన దానికీ అంతే. పని తనది కాబట్టి చీటీ తనదే ఉండాలి గదా.

శనివారం సరిచూసుకున్నాడు. ప్రొజెక్టరుని హాల్లో కంప్యూటరు పక్కనే పెట్టి కలిపాడు. తెర మీద 'మావయ్య' అని ఒక్క పేరు వచ్చింది, నొక్కగానే గోడంతా వెలిగింది. ఆయన లోపలికి వెళ్లి, నలభై ఏళ్లుగా తను లాగిన వైర్లన్నీ కలిపినా ఈ గాలికి సరిపోవని గొప్పలు పోయాడు. ఆమె నవ్వింది. తుంటి నొప్పెట్టి మధ్యలోనే ఆపేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె తల దువ్వించుకుంది. పైకప్పు మీది వాళ్లకి ఆమె జుట్టు ఎలా కనపడుతుందని ఆయన ఆటపట్టించాడు గానీ, కంప్యూటరుకి ఉన్న కెమెరా హాలుని తప్ప ఈ గదిని చూడదని చెప్పలేదు. మంచం పక్కన స్టూలు వేసి, ప్రొజెక్టరు మూతి పైకి ఉండేలా కింద రెండు లావు పుస్తకాలు పెట్టాడు. పైకప్పు మీద నీలం వెలుగు పరుచుకుంది.

సరిగ్గా నాలుగింటికి కంప్యూటరులో షెడ్డు కనిపించింది. కలపబోతే తెర మీద 'మావయ్య' అని ఒకటి, దాని కింద 'మావయ్య' అని ఇంకొకటి. నిన్నటి జాడ ఏదో మిగిలిపోయి ఉంటుందనుకుని, పైదాన్ని నొక్కాడు. కలిసిందని చెప్పింది. కంప్యూటరులో గొంతులు ఠక్కున ఆగిపోయాయి. మాట కూడా బొమ్మతోపాటే వెళ్లిందన్నమాట. ఆయన గర్వంగా గడప దాటాడు.

పైకప్పు నీలంగానే ఉంది.

ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. ఒక చివర బాగుందని తేలితే తప్పు రెండో చివరలో ఉన్నట్టే. కలిసిందని కంప్యూటరు చెబుతోంది కాబట్టి ఇక దాని జోలికి వెళ్లలేదు. ప్రొజెక్టరుని ఆపాడు, వేశాడు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. బీరువా అడ్డమేమోనని రొప్పుతూ మూరెడు జరిపాడు. నాలుగు దాటి పన్నెండు నిమిషాలయింది.

"ఏవండీ," అందామె, "వైరుంటే వేసెయ్యండి. నేనేమీ అనుకోను."

ఆయన ఖాళీ అటక వైపు చూశాడు. ఆమెకి బకెట్టు గుర్తొచ్చినట్టుంది.

"ఒక్కటైనా ఉంచమన్నాను," అంది, గట్టిగా కూడా కాదు.

నలభై ఏళ్లు వైర్ల మధ్య బతికినవాడి ఇంట్లో మూరెడు వైరు లేదు. ఆదివారం కాబట్టి దుకాణం తెరిచి లేదు. హాల్లో కంప్యూటరు తెర మీద ఆడవాళ్లు పెదాలు కదుపుతున్నారు, చేతులు ఊపుతున్నారు. దాన్ని ఇక్కడికి మోసుకొద్దామంటే ఒకసారి ఆపితే మళ్లీ లేవడానికి పావుగంట తీసుకునే ముసలి యంత్రం అది. ఆయన స్నానాలగది అద్దం మేకు నుంచి ఊడబీకి తెచ్చి, గడపకి ఎదురుగా ఆమె తల మీదుగా వంచి పట్టుకున్నాడు. హాల్లో తెర ఆ అద్దంలో గోరంత కనపడింది.

"ఏమైనా ఆనుతోందా?"

"తెల్లగా ఏదో కదులుతోంది."

"అదే షెడ్డు."

"మూడోది ఏది?"

దగ్గరగా చూపిద్దామని ఆయన ఇంకాస్త వంచితే ఆ తెల్లటి ముక్క అద్దం అంచుకి జారిపోయింది. వెతికి మళ్లీ పట్టుకునేసరికి నల్లగా ఉంది. అద్దం కదిలిందేమోనని ఆయన అటూ ఇటూ తిప్పాడు. కదలలేదు. షెడ్డులో మెయిను ఆపేశారు.

ఐదు నిమిషాలకి మాస్టారు మెట్లు దిగి వచ్చాడు. క్లాసు కోసమని ప్రొజెక్టరు వేసి ఉంచి, జిరాక్సులు తేవడానికి వెళ్లాడట. మోకాళ్లు వంగని అత్తగారు ఒక్కతే ఉండి, అల్లుడు తన కోసం ఏదో కార్యక్రమం పెట్టి వెళ్లాడనుకుని కదలకుండా చూసిందట. చాలా బాగుందని, ఏడిపించేశారని, అది బిగించిన మావయ్యతో చెప్పమందట.

"ఏం చూశారావిడ?" అని లోపలి నుంచి ఆమె అడిగింది.

మాస్టారు ఇబ్బందిగా గడప దగ్గరే నిలబడి, విన్నంత వరకూ అప్పజెప్పాడు. బోలెడన్ని మిషన్లట. ఒకదాని మీద మాత్రం కొత్త గుడ్డ మడతపెట్టి కప్పారట. అందరూ వరసగా వచ్చి, అక్కా కనిపిస్తున్నామా, అక్కా ఒక్క మాట మాట్లాడు అని అడిగారట.

"ఆ అక్క ఎవరో గానీ చివరిదాకా పలకనే లేదంటండీ," అన్నాడు.

అని, ఇద్దరి మొహాలూ చూసి, క్లాసుకి వేళయిందని వెళ్లిపోయాడు.

షెడ్డు వాళ్లకి ఫోను చేసి చెబుతానన్నాడు ఆయన. ఏమని చెబుతారని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఏదో ఒక కోత కోసి ఉండేవాడు, ఆమె నమ్మనట్టు మొహం పెట్టి ఉండేది. ఆమె కళ్లు మూసుకుని, "ఆ నీలం దీపం ఆపండి," అంది.

ఆయన రిమోటు తీసుకున్నాడు. ఆపేముందు పేరున్న గడి దగ్గరికి వెళ్లి, చివరి నుంచి ఒక్కో అక్షరం చెరిపాడు. గడి ఖాళీ అయ్యాక సరే అని నొక్కాడు. పేరు లేకుండా ఒప్పుకోనని యంత్రం చెప్పింది. ఇంకేం పేరు పెట్టాలో తోచక వెనక్కి నొక్కాడు. 'మావయ్య' అని మళ్లీ వచ్చి పైకప్పు మీద ఆమె మొహానికి ఎదురుగా నిలిచింది.