గోపీనాథ్ సారు మూడో గ్లాసు

గోపీనాథ్ సారు దేన్నయినా మూడుసార్లు కొలవనిదే నమ్మడు. జ్వరమొస్తే థర్మామీటరు మూడుసార్లు. టైలరు నడుము కొలిస్తే, "ఇంకో రెండుసార్లు పట్టప్పా" అంటాడు. పెళ్లిచూపులకు పోయి అమ్మాయిని మూడుసార్లు చూస్తానన్నాడట. రెండోసారికే వాళ్లు తలుపేసుకున్నారు. ఇప్పటికీ బ్రహ్మచారే.

కర్నూలులో మా కాలేజీలో ఆయనది కెమిస్ట్రీ. నాది తెలుగు, పైగా యూనియన్. కొన్ని చక్కెర అణువులు ఉంగరంలా ఉంటాయట. సబ్బు అణువు ఆ ఉంగరంలోకి తోక దూరుస్తుందట. ఆ పట్టు ఎంత గట్టిదో తేల్చడమే ఆయన జీవితం. నీళ్లలో సబ్బు చుక్క వేయాలి, కరెంటు ఎంత పారుతోందో చూడాలి, రాసుకోవాలి, మళ్లీ చుక్క. మా మేనేజ్‌మెంటు కుర్చీని పట్టుకున్న పట్టు కూడా కొలవమన్నాను. "దానికి యంత్రం రాలేదప్పా" అన్నాడు.

నాకు గిట్టనిది ఆయన నీళ్ల క్యాను. రోజూ ఇంటినుంచి స్కూటరు మీద తెస్తాడు, ఎవర్నీ ముట్టనివ్వడు. మేమంతా తాగే కొళాయి ఈయనకు పనికిరాదా అని మండిపోయి, కనిపించినవాళ్లందరికీ ఆయన మడి గురించి చెప్పి, రెండు పేజీల కరపత్రం కూడా రాసిపెట్టాను.

ఆయన దగ్గర పరిశోధన చేసే నఫీసాది కోడుమూరు. నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే గడువు దాటి, ఐదేళ్ల పని మట్టిపాలు. సరిగ్గా అప్పుడే ఆమె అంకెలు గాడి తప్పాయి. ఒకరోజు వచ్చిన అంకె ఇంకోరోజు రాదు.

హెడ్డు భూపేష్ సులువు చెప్పాడు. "అచ్చయిన పేపర్లో అంకె ఉండాది కదమ్మా, అదే రాసెయ్. ఎవరు చూడొచ్చినారు?" ఆయన డాక్టరేటు తెచ్చుకుందీ ఆ దారినే.

గోపీనాథ్ సారు మాత్రం, "మళ్లీ మూడుసార్లు" అన్నాడు.

"పదకొండు దినాలే ఉండాయి సార్." నఫీసా కళ్లు తుడుచుకుంది.

"శానా ఉండాయమ్మా."

నేను కరపత్రంతో ల్యాబులోకి దూసుకెళ్లాను. "పిల్లను ఏడిపిస్తాండారు, నీళ్లకాడ మడి కడతాండారు. మీరేం మనిషి సార్?"

అంతలో అటెండరు హనుమన్న, సారు లేడనుకుని నిండు క్యాను మోసుకుంటూ వచ్చి, ఆయన్ని చూసి నాలుక్కరుచుకున్నాడు. "సారుకు చెప్పొద్దనుకుంటి. క్యాను సగమే ఉంటాంటే, దప్పికైతాదేమోనని వారంనుంచి బోరునీళ్లు కలిపి నింపుతాండా."

సారు స్టూలు మీద కూలబడ్డాడు. "అవి తాగేవి కాదు హనుమన్నా. పాప ప్రయోగానివి."

కాలేజీ డిస్టిల్డ్ వాటర్ యంత్రం చెడి రెండేళ్లు. బాగుచేయించమంటే మేనేజ్‌మెంటు వినలేదు. మా బోరునీళ్లలోని ఉప్పు కూడా కరెంటు పారిస్తుంది, అంకె చెడుతుంది. అందుకే ఈయన రోజూ పొద్దున్నే లేచి, తన గ్యాసు మీద నీళ్లు మరిగించి, ఆవిరి పట్టి, చల్లార్చి మోసుకొస్తున్నాడు. తాను తాగేది మాత్రం మా కొళాయి నీళ్లే.

సారు నా చేతిలో కరపత్రం తీసుకుని సాంతం చదివాడు.

"ఎన్నిసార్లు చూసి రాసినావప్పా?"

"ఒకసారి."

"అదీ సంగతి," అని మడిచి నా జేబులోనే పెట్టాడు.

బోరునీళ్లు కలవని క్యానుతో మూడుసార్లు కొలిస్తే మూడూ ఒక్కటే అంకె. నఫీసా రెండురోజుల ముందే థీసిస్ ఇచ్చేసింది.

తర్వాత కోడుమూరులో వాళ్లింట్లో బిర్యానీ. నా ప్రచారం అక్కడిదాకా పాకినట్టుంది. నఫీసా తల్లి గుల్జార్ బీ గ్లాసు చేత్తో పట్టుకుని తటపటాయించింది. "మా కుండనీళ్లు తాగుతారా సార్, బాటిల్ తెప్పియ్యాల్నా?"

సారు గ్లాసందుకుని గటగటా తాగేశాడు. రెండోదీ తాగాడు.

"ఎట్లుండాయి సార్?"

ఆయన నావైపు ఓరగా చూసి, గ్లాసు మళ్లీ చాపాడు.

"ఇంకోటి పొయ్యమ్మా. రెండింటితో చెప్పలేను."